మళ్ళీ ఐ.పి. పెట్టాలా? అప్పుల భారం మోస్తున్న కుటుంబాలకు ఒక మాట



మనం ఉదయం, సాయంత్రం చెప్పుకునే పరలోక జపంలో 'అప్పు' అనే మాట ఉంది. దానిని మనం పాపానికి గుర్తుగా అర్థం చేసుకుంటాం. అది సరైన అర్థమే. అయితే ప్రభువు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట. గలిలయ పల్లెల్లోని రైతులకు, కూలీలకు, జాలరులకు ఆ మాట చెవిన పడగానే షావుకారి ముఖం కూడా గుర్తుకు వచ్చి ఉంటుంది. పాపభారం ఎంత బరువైనదో చెప్పడానికి ప్రభువు వారికి బాగా తెలిసిన బరువునే పోలికగా తీసుకున్నారు.

ఈ వారం ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా, డబ్బు అప్పుగానే తీసుకుని ఆలోచిద్దాం. రాత్రి జపమాల చెప్పుకుని దీపం ఆర్పిన తరువాత కూడా నిద్రపట్టని తల్లిదండ్రులు మన విచారణల్లో ఉన్నారు. వారిలో కొందరి మనసులో తిరిగే ప్రశ్న ఇది: "ఒకసారి ఐ.పి. పెట్టాము. మళ్ళీ మునిగాము. మళ్ళీ ఐ.పి. పెట్టవచ్చునా? అది పాపమా? వేరే దారి లేదా?" ఈ ప్రశ్నను గురువులను అడగడానికి సిగ్గు, వకీలును అడగడానికి భయం. అందుకే ఇక్కడ మాట్లాడుకుందాం.

అప్పు ఎలా పెరుగుతుంది

గుర్రంకొండ కోట కింది పల్లెలు మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వరకు ఈ నేలను నమ్ముకున్నవారికి అప్పు కొత్త చుట్టం కాదు. వెయ్యి అడుగులు దింపినా బోరులో నీరు పడని చోట ఇంకొక బోరు వేయిస్తాం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో వంద రూపాయలు దాటి పలికింది. ఆ ధర చూసి కౌలుకు తీసుకుని, నారు, కట్టెలు, మందులు అప్పు తెచ్చి పెట్టినవారు ఉన్నారు. కాయ చేతికి వచ్చే నాటికి ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక చేలోనే వదిలేసిన రోజులు కూడా ఈ రైతులకు బాగా తెలుసు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసే ఇంటికి ముడిపట్టు ధర పెరిగితే చాలు, చీర అమ్ముడుపోక ముందే బాకీ మొదలవుతుంది. పట్టుపురుగుల మేపు ఒక విడత దెబ్బతింటే తెచ్చిన పెట్టుబడి పోతుంది. వీటికి తోడు ఆసుపత్రి ఖర్చు, కాలేజీ ఫీజు, బిడ్డ పెళ్ళి.

వీటిలో చాలావరకు తప్పు పనులు కావు. కాని నూటికి మూడు రూపాయల వడ్డీ లెక్క చూడండి. లక్ష రూపాయలకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. మూడేళ్ళు నిండక ముందే అసలుతో సమానంగా వడ్డీ కట్టేస్తాం. అసలు మాత్రం లక్ష అలాగే ఉంటుంది. ఆ వడ్డీ కట్టడానికి వారం కంతుల సంఘంలో ఒక అప్పు, అది కట్టడానికి ఫోనులోని యాప్‌లో మరొక అప్పు, అది కట్టడానికి చీటీ పాట. చివరికి ఎవరికి ఎంత ఇవ్వాలో ఇంటి యజమానికే సరిగా తెలియదు. పంట పోయినప్పుడు కుటుంబం నష్టపోయింది, నిజమే. కాని పాత అప్పుకు కొత్త అప్పు తెచ్చిన రోజునే కుటుంబం ఊబిలో కాలు పెట్టింది.

తీర్చలేకపోవడం పాపమా?

తీసుకున్నది తిరిగి ఇవ్వడం న్యాయధర్మం. ఏడవ ఆజ్ఞ మనలను అందుకు కట్టివేస్తుంది. ఇవ్వగలిగి ఉండి ఎగవేయడం దొంగతనమే. అయితే ఇవ్వాలనే మనసు ఉండి, ఇచ్చే శక్తి లేనివానిని శ్రీసభ దొంగ అనదు. అశక్తత ఉన్నంతకాలం బాధ్యత వాయిదా పడుతుందనీ, శక్తి కలిగినప్పుడు మళ్ళీ మేలుకుంటుందనీ మన నీతిశాస్త్ర పండితులు చెబుతూ వచ్చారు.

మన దేశపు సర్వోన్నత న్యాయస్థానం కూడా ఇలాంటి మాటే చెప్పింది. 1980లో జాలీ జార్జి వర్గీసుకూ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్‌కూ మధ్య నడిచిన కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు తీర్పు రాస్తూ, కేవలం పేదరికం వల్ల బాకీ తీర్చలేని మనిషిని జైలులో పెట్టరాదనీ, డబ్బు ఉండీ దురుద్దేశంతో ఎగవేశాడని తేలాలనీ స్పష్టం చేశారు. డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయడానికి సివిలు చట్టం అసలే ఒప్పుకోదు. "రేపు పోలీసులు వచ్చి మీ ఆడవాళ్ళను తీసుకుపోతారు" అని ఎవరైనా బెదిరిస్తే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

కనుక అప్పు తీర్చలేకపోవడం వేరు, అప్పును దాచడం వేరు. మనిషిని లోలోపల తినేది దాచడమే. భర్త భార్యకు చెప్పడు. భార్య సంఘంలో తెచ్చిన డబ్బు సంగతి భర్తకు చెప్పదు. ఇద్దరూ పిల్లలకు చెప్పరు. ఈ దాపరికం చివర పురుగుల మందు సీసా దాకా తీసుకుపోయిన ఇళ్ళు మన తెలుగునాట ఎన్నో ఉన్నాయి. సోదరులారా, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఏ అప్పూ మీ ప్రాణమంత ఖరీదైనది కాదు. మీరు పోతే అప్పు పోదు, మీ బిడ్డలకు తండ్రి పోతాడు. అటువంటి తలంపు వస్తే ఆ రాత్రే ఒకరిని లేపి చెప్పండి. గురువుల తలుపు తట్టండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో వినేవారు ఉంటారు.

ఎలీషా ప్రవక్త విధవరాలికి చెప్పిన మార్గం

రాజులు రెండవ గ్రంథం నాల్గవ అధ్యాయంలో అప్పులో చిక్కుకున్న ఒక ఇల్లు ఉంది. ఇంటి పెద్ద చనిపోయాడు. బాకీదారుడు ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వస్తున్నాడు. ఆ తల్లి చేసిన మొదటి పని ప్రవక్త దగ్గరకు పోయి సంగతి చెప్పడం. ప్రవక్త వెంటనే డబ్బు ఇవ్వలేదు. ఇంట్లో ఏమి ఉందని అడిగారు. కొంచెం నూనె ఉందని ఆమె చెప్పింది. ఇరుగు పొరుగు వారి పాత్రలు తెచ్చుకొమ్మన్నారు. తల్లీ కొడుకులు తలుపు వేసుకుని కలిసి పని చేశారు. నూనె అమ్మి ముందు బాకీ తీర్చి, మిగిలిన దానితో బ్రతకమని ప్రవక్త ఆమెను పంపించారు.

అద్భుతం దేవునిది. కాని ఆ అద్భుతం జరిగిన క్రమం మనం కూడా పాటించదగినది.

మొదట, చెప్పండి. ఈ ఆదివారం పూజ తరువాత భార్యాభర్తలు కూర్చుని ఒకరి అప్పు ఒకరికి పూర్తిగా చెప్పుకోండి. కోపం వస్తుంది, కన్నీళ్ళు వస్తాయి. రానివ్వండి.

రెండవది, ఇంట్లో ఏమి ఉందో, ఏమి ఇవ్వాలో కాగితం మీద రాయండి. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ నూటికి ఎంత, ఇప్పటికి ఎంత కట్టాము, ప్రోనోటా, చెక్కా, తాకట్టా, జామీను ఎవరు? ఎదుటి పక్క మీ ఆస్తులు, నెల ఆదాయం, తిండికి, మందులకు, బడికి తప్పనిసరి ఖర్చు రాయండి. కాగితం మీద పెట్టిన అప్పు ఎంత పెద్దదైనా దానికి ఒక చివర కనిపిస్తుంది.

మూడవది, ఇల్లంతా కలిసి పని చేయండి. ఎదిగిన పిల్లలకు చెప్పండి. బిడ్డలను కాలేజీ మాన్పించి అడ్వాన్సు కోసం ఇటుకబట్టీకి పంపడం మాత్రం చేయకండి. అప్పు కింద మనిషిని పనికి కట్టివేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రద్దు చేసింది. ఎలీషా ప్రవక్త కాపాడింది కూడా ఆ ఇద్దరు కొడుకులనే కదా!

నాల్గవది, ముందు తీర్చవలసినది తీర్చి, మిగిలిన దానితో బ్రతకండి. అమ్మగలిగినది అమ్మాలనుకుంటే వడ్డీ దానిని మింగక ముందే అమ్మండి. పరువు కోసం పట్టుకున్న ఎకరా రెండేళ్ళ తరువాత వడ్డీకే పోతుంది. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తక్కువ వడ్డీకి కుదువ పెట్టి నూటికి మూడు, నూటికి ఐదు వడ్డీ బాకీలు తీర్చడం కొన్ని ఇళ్ళకు మేలు చేస్తుంది. అయితే తీర్చిన ప్రతి బాకీకి ప్రోనోటు వెనక్కి తీసుకోండి, చెక్కు వెనక్కి తీసుకోండి, రసీదు రాయించుకోండి. మాఫీ వస్తుందని ఎదురు చూస్తూ వడ్డీ పెంచుకోవద్దు. 2008లో కేంద్రం, 2014లో మన రాష్ట్రం చేసిన మాఫీలు షావుకారి ప్రోనోటును తాకలేదు.

కోర్టుకు ముందు తట్టవలసిన తలుపులు

అప్పు ఇచ్చినవారి నుండి దాక్కోవద్దు. ఒక పెద్ద మనిషిని వెంట తీసుకుని మీరే వారి ఇంటికి వెళ్ళండి. కాగితం చూపించండి. "అసలు కడతాను, వడ్డీ ఆపండి, ఇన్ని కంతులు ఇవ్వండి" అని అడగండి. మనిషి కనిపిస్తే షావుకారు లెక్క వేస్తాడు. కనిపించకపోతే కోర్టుకు పోతాడు. ఒప్పుకున్న కంతు చిన్నదైనా తప్పక కట్టండి. పెద్ద మాట ఇచ్చి తప్పవద్దు.

మాట కుదరకపోతే లోక్ అదాలత్ ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం కింద ఇరుపక్షాల సమ్మతితో అక్కడ జరిగిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతున్నది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

వారం కంతుల మైక్రోఫైనాన్సు సంస్థల బాధ మన ప్రాంతానికి తెలియనిది కాదు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చిందంటే ఆనాటి ఆత్మహత్యలు ఎంత కలత పెట్టాయో తెలుస్తుంది. 2022 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఒక కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే నెల కంతులు నెల ఆదాయంలో సగానికి మించేలా ఈ అప్పు ఇవ్వకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. బూతులు తిట్టకూడదు, బంధువులను వేధించకూడదు, బాకీదారుల పేర్లు బయట పెట్టకూడదు. అవమానం జరిగితే తేదీ, సమయం రాసిపెట్టుకుని ముందు ఆ సంస్థకే లిఖితంగా ఫిర్యాదు చేయండి. వారు పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి.

ఇక ఐ.పి. సంగతి

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషను. మన వాడుకలో "ఐ.పి. పెట్టాడు" అనే మాట తిట్టులాగా మారింది. కాని చట్టం దానిని తిట్టుగా రాయలేదు. ఆస్తి కంటే అప్పు మించిపోయి తీర్చలేని మనిషి, దాక్కోకుండా కోర్టు ముందు నిలబడి, "నా దగ్గర ఉన్నది ఇది, నేను ఇవ్వవలసినది ఇది, అందరికీ న్యాయంగా పంచండి" అని చెప్పడమే దాని సారం. నిజాయితీగా చేస్తే అది ఒక విధమైన ఒప్పుకోలు.

2016లో పార్లమెంటు కొత్త దివాలా చట్టం చేసింది. మామూలు కుటుంబాలకు సంబంధించిన భాగాన్ని అందులో ఇంకా అమలులోకి తేలేదు. అందుచేత మన జిల్లా కోర్టులు, అధికారం పొందిన సబ్ కోర్టులు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టాన్నే పాటిస్తున్నాయి. 500 రూపాయలకు తగ్గని అప్పు ఉండి, తీర్చలేని స్థితిలో ఉన్నవారు పిటిషను వేయవచ్చు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికి లేదా రిసీవరు చేతికి పోతుంది. వంటపాత్రలు, కట్టుబట్టలు, పడకలు, ఆచారం ప్రకారం స్త్రీ విడువరాని తాళి వంటి నగ, చేతిపనివారి పనిముట్లు, రైతు ఎడ్లు, నాగలి, విత్తనాలు, రైతూ కూలీ కాపురముంటున్న ఇల్లు, ఇవి సివిలు చట్టం ప్రకారం జప్తుకు రావు. కాబట్టి పంపకంలోకి కూడా రావు. తిరగలి రాతిని తాకట్టు పట్టరాదన్న ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయపు కనికరం ఇక్కడ మనకు కనిపిస్తుంది.

అయితే ఐ.పి. చేయలేని పనులు కూడా తెలుసుకోండి. ఇంటి మీద, బంగారం మీద తాకట్టు ఉంటే ఆ తాకట్టు పోదు. మీకు జామీను ఉన్నవాని బాధ్యత పోదు. మీరు విముక్తులైనా బాకీదారుడు అతని దగ్గరకు పోతాడు. సంఘం అప్పులో మీతో కలిసి సంతకం పెట్టిన అక్కచెల్లెళ్ళ మీద భారం అలాగే ఉంటుంది. మోసం చేసి తెచ్చిన అప్పు, ప్రభుత్వానికి ఇవ్వవలసినది, భార్యాబిడ్డలకు కోర్టు విధించిన మనోవర్తి, వీటి నుండి విముక్తి రాదు. చెక్కు బౌన్సు అయిన క్రిమినలు కేసును కూడా అది ఆపదు.

అన్నిటికంటే ముఖ్యం, పిటిషను వేయడం సగం దారి మాత్రమే. కోర్టు చెప్పిన గడువులో విముక్తి ఉత్తర్వు కోసం, అంటే డిశ్చార్జి కోసం, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. మొదట కొంత ఊపిరి ఆడగానే చాలామంది కోర్టు మెట్లు ఎక్కడం మానేస్తారు. అప్పుడు కోర్టు ఆ దివాలా ప్రకటననే రద్దు చేస్తుంది. బాకీలు తిరిగి తల ఎత్తుతాయి.

రెండవసారి పెట్టాలనుకునేవారు ముందు ఈ పాత కాగితాలు వెతకండి. మొదటిసారి ప్రకటన రద్దు అయింది డిశ్చార్జికి పోకపోవడం వల్లనే అయితే, రద్దు చేసిన ఆ కోర్టు అనుమతి లేకుండా మళ్ళీ పిటిషను వేయడానికి హక్కు లేదు. తగిన కారణం వల్ల ఆనాడు దరఖాస్తు నడపలేకపోయారని గాని, ఇప్పటి పిటిషను చాలావరకు వేరైన సంగతుల మీద నిలబడిందని గాని కోర్టుకు నమ్మకం కలగాలి. మొదటిసారి డిశ్చార్జి పొంది, తరువాత కొత్త అప్పులైతే దారి మూసుకుపోలేదు. కాని ఇంతకు ముందు ఒకసారి దివాలా అయి ఉండడం షరతులు లేని విముక్తిని నిరాకరించడానికి చట్టంలోనే రాసిన ఒక కారణం. ఆస్తి రూపాయికి ఎనిమిది అణాలకు కూడా చాలకపోవడం, జూదం, దుబారా, తీర్చలేనని తెలిసీ వ్యాపారం సాగించడం కూడా అలాంటి కారణాలే. ఇంకా డిశ్చార్జి రానివారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా చట్టం ప్రకారం నేరం.

కనుక "మళ్ళీ పెట్టాలా?" అనే ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉంది. మొదటిసారికీ ఇప్పటికీ మధ్య ఇంట్లో ఏమి మారింది? నూటికి మూడు వడ్డీ పిలుపు, లోతు బోరు ఆశ, అప్పు మీద పెళ్ళి, ఇవి మారకపోతే మూడవ ఐ.పి. కూడా వస్తుంది. జబ్బు వల్ల, వరద వల్ల, నమ్మినవాడు మోసం చేయడం వల్ల కూలిపోయి ఉంటే, వేరే ఏ దారీ మిగలకపోతే, మంచి న్యాయవాదిని కలిసి సిగ్గు పడకుండా ఆ తలుపు తట్టండి. అది పాపం కాదు.

పాపం ఎక్కడ ఉంది? అపొస్తలుల కార్యాలలో అననియా, సఫీరా పొలం అమ్మి కొంత దాచుకున్నారు. పొలం వారిదే, డబ్బు వారిదే అని పేతురుగారే అన్నారు. వారిని పడగొట్టింది అబద్ధం. పిటిషనుకు ముందు పొలం బావమరిది పేరున రాయించడం, లేని అప్పును చుట్టాల పేరున కాగితం మీద పుట్టించడం, దగ్గరివారికి చాటుగా కట్టి కూలివారికీ విధవరాళ్ళకూ ఎగవేయడం, ఇదీ పాపం. రెండేళ్ళ లోపు చేసిన అలాంటి ఉత్తుత్తి బదిలీలను కోర్టు కొట్టివేయగలదు. కోర్టు పట్టుకోలేకపోయినా పాపసంకీర్తనంలో దానిని చెప్పవలసిందే, సరిదిద్దవలసిందే.

మరి కోర్టు విముక్తి ఇచ్చిన తరువాత? తల ఎత్తుకుని బ్రతకండి. బిడ్డలకు అన్నం పెట్టండి. పాత నింద మోయనక్కరలేదు. కాని దేవుడు ఒకనాడు చేయి నింపితే, మీ వల్ల నష్టపోయిన చిన్నవారిని, మీ దగ్గర చీటీ కట్టిన ముసలమ్మను, కూలి రాని పనివానిని మరువకండి. అలా తిరిగి ఇచ్చిన వంద రూపాయలు ఆ ఇంటికీ మీ ఇంటికీ మధ్య మాట కలుపుతాయి.

జామీను ఉన్నవారికి, అప్పు ఇచ్చినవారికి

స్నేహితుని కోసం సంతకం పెట్టి చిక్కుకున్నవారికి సామెతల గ్రంథం ఆరవ అధ్యాయం చెప్పే సలహా, నిద్రపోక ముందే పోయి బ్రతిమాలుకుని విడిపించుకొమ్మని. సీరా జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం పొరుగువానికి ఆసరాగా ఉండమంటూనే తన శక్తికి మించవద్దని హెచ్చరిస్తుంది. సంతకం పెట్టే ముందు, "ఇది నేనే కట్టవలసి వస్తే కట్టగలనా?" అని అడగండి. లేదనిపిస్తే ప్రేమతోనే వద్దనండి.

మన పూజలో అప్పు తీసుకున్నవారి పక్క బల్ల మీద అప్పు ఇచ్చినవారు కూడా కూర్చుంటారు. వారికీ ఒక మాట. అత్యాశతో వడ్డీ పిండి తోటివారి ఆకలికీ చావుకూ కారణమయ్యేవారు పరోక్షంగా నరహత్య చేసినవారని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2269వ సంఖ్య చెబుతున్నది. నెహెమ్యా కాలంలో యూదులు తమ పొలాలనూ బిడ్డలనూ తోటి యూదులకే తాకట్టు పెట్టుకుని ఏడ్చారు. ఆయన పెద్దలను సభలో నిలదీసి పొలాలు, వడ్డీ తిరిగి ఇప్పించారు. మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టినవాని అప్పు తీరినట్టే అన్నది. మీ పెట్టెలోని ప్రోనోట్లను ఒకసారి తీసి చూడండి. ఏ ఇంటి నుండి అసలుకు రెట్టింపు ఇప్పటికే వచ్చింది? ఆ కాగితాన్ని ఆ ఇంటికి తిరిగి ఇచ్చేయడానికి మీకు ఏ చట్టమూ అక్కరలేదు.

విచారణ చేయగల పని

1462లో ఇటలీలోని పెరూజియా పట్టణంలో ఫ్రాన్సిస్కను సన్యాసుల బోధ వల్ల ఒక దయానిధి మొదలైంది. షావుకార్ల వడ్డీ భరించలేని పేదలు చిన్న వస్తువు కుదువ పెట్టి, ఖర్చులకు సరిపడే కొద్ది వడ్డీతో అప్పు తీసుకునేవారు. తరువాత ఇటలీ అంతటా అలాంటివి వెలిశాయి. 1515లో ఐదవ లాతరను మహాసభ కాలంలో పోపు పదవ లియోగారు వాటిని సమర్థించారు. మనకు అంత పెద్దది వద్దు. మన డ్వాక్రా అక్కచెల్లెళ్ళకు పొదుపు ఎలా నడపాలో ముందే తెలుసు. విచారణలో పదిహేను కుటుంబాలు నెలకు కొంత వేసి, లెక్క అందరి ముందు చదివి, ఆసుపత్రికీ బడి ఫీజుకూ మాత్రమే ఇచ్చే ఒక నిధి పెట్టుకోవచ్చు. విశ్వాసియైన ఒక న్యాయవాది, లెక్కలు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు నెలకు ఒక ఆదివారం పూజ తరువాత గంట సేపు కూర్చుంటే, అప్పుల కాగితం చూపించుకోవడానికి ఒక చోటు ఏర్పడుతుంది. అక్కడ విన్నది అక్కడే ఉండాలి.

ఇంకొకటి, ఖర్చు లేనిది. పెళ్ళిలో, పండుగలో, కొత్త ఇంటి దీవెనలో "వారు అంత చేశారు, మీరు ఇంతేనా" అనే మాట మన నోట రాకూడదు. ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్ళకు ప్రోనోటు రాయించిందో లెక్కలేదు.

పౌలుగారు చెరసాల నుండి ఫిలేమోనుకు రాసిన చిన్న లేఖలో, ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే ఆ లెక్క తన మీద వేసుకొమ్మని, తానే తీరుస్తానని స్వయంగా రాసి ఇచ్చారు. క్రీస్తు ప్రభువు సిలువ మీద మన అందరి లెక్కనూ తన మీద వేసుకున్నారు. ఆ ప్రభువు ముందు దాచుకోవలసిన అప్పు ఏదీ లేదు. ఈ రాత్రి జపం ముగించి, ఆ కాగితం తీసి, మీ భార్యతో, మీ భర్తతో కలిసి మొదటి వరుస రాయండి.

ప్రార్థించుదము: కరుణామయులైన తండ్రీ, బాకీల భారం కింద నలిగిపోతున్న కుటుంబాలను చూడండి. అప్పు తీసుకున్నవారికి నిజం చెప్పే ధైర్యాన్ని, అప్పు ఇచ్చినవారికి కనికరాన్ని, మా విచారణలకు ఒకరి బరువు ఒకరు మోసే మనసును దయచేయండి. ఏ ఇంట్లోనూ అప్పు వల్ల ఒక్క ప్రాణం పోకుండా కాపాడండి. దేవమాత మరియమ్మా, మా కొరకు వేడుకొనండి. మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవి చేస్తున్నాము. ఆమెన్.